అసురసంధ్య వేళ అన్న మాట

మాణిక్యాన్ని కిందటి వారం ఏలూరులో తాడేపల్లిగూడెం బస్సెక్కించి వదిలేశాం. ఎక్కించాం గానీ ఆవిడ కూర్చుందో లేదో చూడలేదు. కూర్చోలేదు. కిటికీ పక్కన కూర్చుంటే ఎదురొచ్చే లారీ మోచెయ్యి పట్టుకుపోతుంది. డ్రైవరు వెనకాల కూర్చుంటే గుద్దుకున్నప్పుడు మొదటి దెబ్బ తనకే. చివరి సీట్లో కూర్చుంటే తలుపు ఊడి రోడ్డు మీద పడొచ్చు. అందుకని బస్సు సగం ఖాళీగా ఉన్నా కమ్మీ పట్టుకుని గూడెం దాకా నిలబడే వెళ్ళింది. కండక్టరు రెండుసార్లు చెప్పి, మూడోసారి దణ్ణం పెట్టాడు.

ఇంతకీ ఈ ప్రయాణం దేనికంటే, ఈ వారమే కథలో అడుగుపెట్టినవాళ్ళ కోసం రెండు ముక్కలు.

కొల్లేటి గట్టున ఉన్న ఊరు వాళ్ళది. పరీక్షల ముందు హైస్కూల్లో పదో తరగతి పిల్లలకి వీడ్కోలు సభ పెట్టారు. అందులో మదార్ గారమ్మాయి నజ్నీన్ మైకు పుచ్చుకుని, ‘ఇరవై ఏళ్ళ తర్వాత మనవాళ్ళు’ అంటూ తోటి పిల్లలు ఎవరెవరు ఏమవుతారో చెప్పి అందర్నీ నవ్వించింది. నవ్వించడం తప్పు కాదు. వేళ తప్పు. పొద్దున్న మొదలవ్వాల్సిన సభ, ముఖ్య అతిథి ఇంకో ఊళ్ళో ఇంకో సభలో చిక్కుకుపోవడం వల్ల సాయంత్రానికి జరిగింది. ఆయన వచ్చాక హెడ్మాస్టరు గంగాధరరావు గారు క్రమశిక్షణ మీద మాట్లాడుతూ సూర్యుణ్ణి కొల్లేట్లోకి దింపేశారు. అప్పుడందుకుంది నజ్నీన్. సరిగ్గా అసురసంధ్య వేళ. తథాస్తు దేవతలు ఆకాశంలో తిరుగుతూ, కింద ఎవరేమన్నా ‘తథాస్తు, తథాస్తు’ అనుకుంటూ పోయే వేళ. మామూలుగా గొణిగినా వినే దేవతలు వాళ్ళు. ఈ పిల్ల మైకులో చెప్పింది. రెండు పక్కలా బాక్సులు పెట్టి మరీ.

“నిరంజన్ పెద్ద సినిమా హీరో అవుతాడు గానీ ముందు పన్ను లేక నవ్వే సీన్లన్నీ డూపు చేస్తాడు” అంది. వారం తిరక్కుండా నిరంజన్ చెరుకుముక్క కొరికి ముందు పన్ను ఊడగొట్టుకున్నాడు. “ప్రసన్నలక్ష్మి ఎస్సై అయ్యి మొదటి కేసు వాళ్ళ నాన్న మీదే రాస్తుంది” అంది. మొన్న ఏలూరులో పోలీసులు బండి ఆపితే, వెనక కూర్చున్న ప్రసన్నలక్ష్మి, “మా నాన్నకి లైసెన్సు కూడా లేదు సార్” అని నిజం చెప్పేసింది.

ఇక మాణిక్యం కొడుకు చరణ్‌తేజ. “చరణ్‌తేజ చేపల డాక్టరు. కొల్లేట్లో పడవ మీదే ఆసుపత్రి, పడవ మీదే కాపురం. వాళ్ళ పిల్లలకి నడక రాకముందే ఈత వస్తుంది” అంది నజ్నీన్. ఊరంతా చప్పట్లు కొట్టింది. మాణిక్యానికి పై ప్రాణాలు పైనే పోయాయి.

ఆవిడ చింతలపూడి వైపు మెట్ట మనిషి. నీళ్ళంటే బోరులోంచి పైకి రావాలిగానీ, మనిషి నీళ్ళలోకి దిగడమేమిటని అడిగే ఊళ్ళో పుట్టింది. కొల్లేటి ఒడ్డుకి కోడలై వచ్చిన రోజే దొడ్డితలుపు తీసి, అవతల కనుచూపుమేర నీళ్ళే చూసి, మళ్ళీ వేసింది. ఆ తలుపుకి ఇప్పటికీ తాళమే. అలాంటి తల్లికి, కొడుకు నిజంగానే చేపల డిప్లొమా సీటు తెచ్చుకుని ముందు నిలబడితే ఎలా ఉంటుంది? “నీటి గండం మైకులో చెప్పించుకుని, ఇప్పుడు సీటు కూడా తెచ్చుకున్నాడు” అని మంచం ఎక్కింది. భర్త సూర్యప్రకాశరావు చేపల చెరువులకి మేత బస్తాలు తోలే వ్యాను నడుపుతాడు. ఆయన భార్య మాటా కాదనలేడు, కొడుకు మొహమూ చూడలేడు. సోమవారం పొద్దున్నకల్లా చేరతాడో చేరడో కాలేజీకి చెప్పాలి. చరణ్‌తేజ తల్లితో మాటలు మానేశాడు.

మాణిక్యానికి తోచిన దారి ఒకటే. ఏ నోటితో అన్నదో ఆ నోటితోనే, ఆ వేళలోనే, ఆ పిల్ల మాట మార్చి చెప్పాలి. సభ మళ్ళీ పెట్టించమని గంగాధరరావు గారిని అడిగితే, “అమ్మా, మైకు అద్దెది. తథాస్తు దేవతలు సిలబస్‌లో లేరు” అన్నారు. అందుకని శనివారం నాడు, నజ్నీన్‌నీ వాళ్ళమ్మనీ వెతుక్కుంటూ గూడెం బయల్దేరింది.

తలుపు తీసిన నజ్నీన్ తల్లి మున్నీ కళ్ళమ్మట నీళ్ళు ధారగా కారుతున్నాయి.

మాణిక్యం గుమ్మంలోనే గోడ పట్టుకుంది. “ఏవండీ మున్నీ గారూ, ఏవైందండీ? ఎవరికేవైందండీ? మదార్ గారు బాగానే ఉన్నారాండీ?”

“ఆయనకేం, ఊళ్ళో పరుపులు కుట్టుకుంటున్నారండి. రండి రండి, చరణ్ వాళ్ళమ్మగారా! ఉల్లిపాయలండి బాబూ.”

లోపల వసారా నిండా ఉల్లిపాయలే. మున్నీ అన్నగారు రియాజ్ పెళ్ళిళ్ళకి బిర్యానీ వండే మేస్త్రీ. ఆదివారం పెద్ద విందు ఒప్పుకున్నాడు. ఉల్లి తరగడానికి చెల్లెల్నీ మేనకోడల్నీ పిలిపించుకుని, తను మాంసం బేరానికి వెళ్ళాడు. బస్తాల మధ్య పీట వేసుకుని నజ్నీన్ కత్తి ఆడిస్తోంది. తలెత్తి చూసింది. ఆ పిల్ల కళ్ళూ ఎర్రగా ఉబ్బి ఉన్నాయి.

“నమస్తే ఆంటీ” అని ముక్కు ఎగబీల్చింది.

ఉల్లిపాయలని తెలిసినా మాణిక్యం మనసు ఊరుకోలేదు. తన కొడుకు మాట తలుచుకునే ఈ పిల్లకి దుఃఖం వస్తోందేమో. పీట లాక్కుని కూర్చుని, ఊరికే కూర్చోవడం మర్యాద కాదని తనూ ఓ కత్తి అందుకుంది. రెండో ఉల్లిపాయకల్లా ఆవిడ కళ్ళూ కారడం మొదలెట్టాయి. ఆ సమయంలో వీధిలోంచి ఎవరైనా తొంగిచూస్తే, లోపల ఎవరో పోయారని చెప్పులు విప్పి వచ్చి కూర్చునేవారే.

“మీరొచ్చిన పని నాకు తెలుసండి” అంది మున్నీ. “నిరంజన్ వాళ్ళమ్మ ఫోన్ చేశారు. పన్ను మళ్ళీ మొలుస్తుందని చెప్పించమంటారు. పాలపన్ను కాదు కదండీ అంటే వినరు. ప్రసన్నలక్ష్మి వాళ్ళమ్మ మంగతాయారు గారైతే ఇంటికే వచ్చారు. ‘ఎస్సై అని ఎలాగూ అన్నావు, అదేదో డీఎస్పీ అనెయ్యమ్మా, నీ సొమ్మేం పోయింది’ అంటారు. ఈ పిల్ల నోటికి ఇంత గిరాకీ ఉందని తెలిస్తే దుకాణం పెట్టించేదాన్ని.”

“నవ్వులాట కాదండి మున్నీ గారూ. పెదవి దాటితే పృథివి దాటుతుంది. అందునా అసురసంధ్య.”

మున్నీ నవ్వు ఆపింది. “అదీ నిజమేననుకోండి. మా ఇళ్ళల్లోనూ సాయంత్రం మగ్రిబ్ నమాజు వేళ నోట మంచిమాటే రావాలంటారు మా అమ్మ. ఏవే నజ్నీన్, చెప్పానా లేదా నీకు?”

“నేనేం చెడ్డమాట అన్నానమ్మా? డాక్టరే కదా అన్నాను!” నజ్నీన్ కత్తి కింద పెట్టింది. “పడవలో ఆసుపత్రి అన్నానండి ఆంటీ, అంతేగా?”

“అంతేనా తల్లీ! పడవ ఎక్కడుంటుంది? నీళ్ళ మీద. రోజూ నీళ్ళ మీద ఉండేవాడు ఒక్కరోజైనా నీళ్ళ…” మాణిక్యం నోరు చేత్తో మూసుకుంది. చేతికున్న ఉల్లి ఘాటుకి కళ్ళు మరీ మండాయి. “చూశావా, నా నోటితో కూడా అనిపించబోయింది. వద్దమ్మా. కీడెంచి మేలెంచమన్నారు. సందె వాలగానే ఒక్క మంచి మాట మార్చి చెప్పు, నీకు పుణ్యముంటుంది. ఆ మాట చెవిన పడ్డాక వాణ్ణి ఎక్కడికైనా పంపుతాను, బస్సు ప్రయాణం కాకపోతే.”

“చెప్తానండి. ఏమవ్వాలో మీరే చెప్పండి.”

మాణిక్యం చీరకొంగుతో కళ్ళు తుడుచుకుంది. దారి పొడుగునా నిలబడి ఆలోచించుకొచ్చిందే. “బ్యాంకు మేనేజరు అను.”

“ఆయ్, అలాగేనండి. పెద్ద బ్యాంకు, మేడ మీద…”

“మేడ మీద వద్దమ్మా. మెట్లు జారతాయి. కిందే అను.”

“కింద బ్యాంకు.”

“కిందైతే దొంగలు పడతారేమో. తుపాకులు పట్టుకొస్తారంట కదా. బ్యాంకు వద్దులే. మాస్టారు అను.”

“చరణ్‌తేజ లెక్కల మాస్టారు…”

“ఇప్పటి పిల్లలు మాస్టార్లని కొడుతున్నారంట. టీవీలో చూపించారు.”

మున్నీ కల్పించుకుంది. “మనుషుల డాక్టరైతేనోండీ?”

“అంటురోగాలండి.”

“ఇంజనీరు?”

“వంతెనలు కూలితే జైల్లో వేసేది ఇంజనీర్లనేనండి.”

“పోనీ, వ్యవసాయం?”

“పాములు” అంది మాణిక్యం దీనంగా. చెబుతుంటే ఆవిడకే భయం వేసింది. ఇంత ప్రపంచంలో పదహారేళ్ళ పిల్లాడు కాలు పెట్టడానికి చాప పరిచినంత చోటు దొరకడం లేదు. “పోనీ ఒక పని చెయ్యి. మంచి ఆఫీసరు అను. ఏ ఆఫీసో చెప్పకు. గదిలోంచి బయటికి రాని ఉద్యోగం అను. వేళకి ఇంటి నుంచి క్యారియర్ వెళ్తుందను. తోడుగా పక్కన ఎవరో ఒకరు…”

నజ్నీన్ ఉన్నట్టుండి పకాలున నవ్వింది. “ఆంటీ, ముందు నేననుకున్నది అచ్చంగా ఇదేనండి!”

అనేసి నాలిక్కరుచుకుంది.

వసారాలో కత్తుల చప్పుడు ఆగిపోయింది. మాణిక్యం మెల్లగా అడిగింది. “ముందు అనుకోవడమేంటమ్మా? మైకులో చెప్పింది కాక ఇంకోటి ఉందా?”

“ఏం లేదండి.”

“నజ్నీన్!” మున్నీ గొంతు మారింది. “పెద్దావిడ అడుగుతున్నారు.”

“చెప్పనని మాటిచ్చానమ్మా.”

“ఎవరికి?”

పిల్ల ఉల్లిపొట్టు కేసి చూస్తూ కూర్చుంది. మాణిక్యం ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. “నా బిడ్డ గురించి ఎంత చెడ్డదైనా చెప్పెయ్యమ్మా. చెప్పకపోతే నేను దానికి పదింతలు ఊహించుకుంటాను. నా సంగతి నీకు తెలీదు.”

తెలుసన్నట్టే చూసింది నజ్నీన్. లేచి, గోడకి చేరవేసిన బిర్యానీ గరిటె తీసి మైకులా మూతి దగ్గర పెట్టుకుంది. అది లేకపోతే ఆ మాటలు రావనుకుందేమో.

“చరణ్‌తేజ గారు ఇరవై ఏళ్ళ తర్వాత పెద్ద ఆఫీసరు. ఏసీ గది. గది గుమ్మంలో స్టూలు, స్టూలు మీద వాళ్ళమ్మగారు. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో మజ్జిగ గ్లాసు. ఫైలు పట్టుకుని ఎవరొచ్చినా ‘తుమ్మారా, దగ్గారా? రేపు రండి’ అంటారు. ఆఫీసరు గారు సంతకం పెట్టే ముందు పెన్ను మొన చేతికి గుచ్చుకుంటుందేమోనని ఆవిడే చూసి ఇస్తారు. పెళ్ళికూతురికి జలుబు చేసిందని పెళ్ళి రెండుసార్లు వాయిదా పడుతుంది. పెళ్ళయ్యాక ఊటీకి మూడు టిక్కెట్లు తీస్తారు. కిటికీ సీటు ఎవరికీ ఉండదు.”

మున్నీ ముందు నవ్వు ఆపుకుంది. కిటికీ సీటు దగ్గర ఆగలేదు. గట్టిగా నవ్వేసి, మాణిక్యం మొహం చూసి, ఉల్లిపాయ మింగినట్టు ఊరుకుంది.

మాణిక్యానికీ నవ్వొచ్చింది. అదే ఆవిడకి అర్థం కాలేదు. గొడుగు, మజ్జిగ, పెన్ను మొన. ఒక్కటీ అబద్ధం కాదే! ఈ పిల్ల తనింట్లో కిటికీ పక్కన నిలబడి చూసి చెప్పినట్టుంది.

“ఇది మైకులో ఎందుకు చెప్పలేదమ్మా?”

“చరణ్‌కి ముందు వినిపించానండి. అందరివీ వాళ్ళకి ముందు వినిపించాను, ఎవరూ ఏడవకూడదని. అందరూ నవ్వారు. చరణ్ నవ్వలేదండి.” నజ్నీన్ గరిటె దించింది. “‘మా అమ్మ ముందు వరసలో కూర్చుంటుంది. అంతమందిలో మా అమ్మని నవ్వులపాలు చెయ్యొద్దు. నన్నేమన్నా అనుకో, కావాలంటే నన్ను తీసుకెళ్ళి కొల్లేట్లో పడేసెయ్’ అన్నాడండి. అయితే కొల్లేట్లోనే పడేస్తానని ఆ చేపల డాక్టరు మాట అప్పటికప్పుడు అల్లాను.”

మాణిక్యం కళ్ళు కారుతూనే ఉన్నాయి. ఎంతవరకు ఉల్లిపాయో, ఎక్కణ్ణుంచి కాదో ఆవిడకే తెలీలేదు. పుట్టిన దగ్గర్నుంచీ వాణ్ణి చెంగు చాటున దాచుకున్నాననుకుంది. ఆ రోజు తనకి చెంగు అడ్డం పట్టింది వాడు. తను చూస్తే, వాడు దక్కించుకున్న సీటుకి అడ్డం పడి మంచమెక్కింది.

కాసేపటికి ఆవిడకి మామూలు ప్రాణం వచ్చింది. మామూలు ప్రాణం రాగానే మామూలు భయమూ వచ్చింది.

“అయినా అమ్మాయ్, సరదాకి నువ్వన్న మాట పట్టుకుని వాడు నిజంగా చేపల కాలేజీకి ఎందుకు రాశాడు? నీళ్ళంటే ఏంటో తెలీని పిల్లాడు.”

నజ్నీన్ మళ్ళీ ఉల్లిపొట్టు కేసి చూసింది.

“మళ్ళీ ఏంటమ్మా!”

“నీళ్ళంటే తెలీకపోవడమేంటండి. ఎయిత్ నుంచీ ఆదివారం ఆదివారం చెరువు కాపలా హనుమంతరావు తాతతో దోనెలో తిరుగుతున్నాడుగా. అటొడ్డు దాకా ఈదుకుంటూ వెళ్ళి వస్తాడండి.”

“ఆదివారం వాడికి లెక్కల ట్యూషను!”

“ఆయ్” అంది నజ్నీన్ జాలిగా. “మీకు అదే చెప్పాడండి.”

మాణిక్యం పీట మీంచి లేవబోయి మళ్ళీ కూర్చుంది. “అబద్ధం. తడి బట్టలతో ఒక్కనాడైనా ఇంటికి రాలేదు.”

“మా దొడ్లో ఆరేసుకుని వచ్చేవాడండి.”

“ఆఁ!” ఈసారి అరిచింది మున్నీ. “అవి మీ అబ్బాయివాండీ? మా అబ్బాయి జావీద్‌వనుకుని నేను ఇస్త్రీ కూడా చేశాను కదండీ!”

మాణిక్యం ఆవిడ కేసి చూసింది. కోపం తెచ్చుకుందామనుకుంది. మూడేళ్ళపాటు తన కొడుకు నీళ్ళలో మునిగి తేలి, మున్నీ ఇస్త్రీ చేసిన చొక్కా తొడుక్కుని ఇంటికొచ్చి అన్నం తిన్నాడు. తను ‘పాపం, లెక్కలతో అలిసిపోయాడు’ అని ఇంకో గరిటె పప్పు వేసింది. తను ఇంట్లో కూర్చుని భయపడిన ఏ ఆదివారమూ వాడికి చిన్న జలుబైనా చెయ్యలేదు. తను పక్కనున్న రోజుల్లోనే చేసేది.

“బాగా ఈదుతాడా?” అని అడిగింది చివరికి. గొంతు తగ్గించి అడిగింది, దేవతలెవరైనా తొందరపడి ముందే బయల్దేరారేమోనని.

“చేపలే పక్కకి తప్పుకుంటాయండి.”

“దిష్టి పెట్టకమ్మా!”

ఆ మాటతో ముగ్గురూ నవ్వారు. నవ్వుతుండగానే వీధి చివర మసీదులో మగ్రిబ్ అజా వినిపించింది. మున్నీ చున్నీ తలమీదికి లాక్కుని మౌనంగా కూర్చుంది. మాణిక్యమూ కత్తి పక్కన పెట్టి చేతులు ఒళ్ళో పెట్టుకుంది. అజా అయ్యాక మున్నీ లేచి లైటు వేసింది. వసారా కమ్మీల్లోంచి కనిపిస్తున్న ఆకాశం ఎర్రగా ఉంది. అసురసంధ్య.

నజ్నీన్ గరిటె ఎత్తింది. “చెప్పండి ఆంటీ. ఏమనమంటారు?”

దీనికోసమే నిలువుకాళ్ళ మీద ఇంత దూరం వచ్చింది మాణిక్యం. ఆఫీసరు అనిపిస్తే సరి. బయటికి రాని గది, వేళకి క్యారియరు, గుమ్మంలో స్టూలు. స్టూలు కళ్ళముందు కనిపించింది. దాని మీద కూర్చున్న మనిషీ కనిపించింది.

“డాక్టరే అనమ్మా” అంది. “చేపల డాక్టరే. పడవ మీదే. కానీ…”

“కానీ?”

“పడవకి నాలుగువైపులా గాలి కొట్టిన ట్యూబులు కట్టి ఉంటాయను. వాన వస్తే తొందరగా ఒడ్డుకి వచ్చేస్తాడను. ఈత మరిచిపోడు అను.”

నజ్నీన్ గొంతు సవరించుకుంది. ఈసారి నవ్వించడానికి చెప్పలేదు. కమ్మీల్లోంచి ఆకాశం కేసి చూస్తూ, ట్యూబుల్నీ వాననీ ఈతనీ ఒక్కటీ వదలకుండా, వరసగా, స్పష్టంగా చెప్పింది.

“ఆమీన్” అంది మున్నీ.

“తథాస్తు” అంది మాణిక్యం, దేవతల మీద భారం వెయ్యకుండా తనే.

తర్వాత చేతులు కడుక్కుని, సంచిలోంచి ఫోన్ తీసి ఇంటికి చేసింది. అవతల చరణ్‌తేజే ఎత్తాడు. ‘అమ్మా’ అనలేదు. ‘హలో’ అన్నాడు, పరాయివాళ్ళతో అన్నట్టు.

“రేపు ఆదివారం కదరా. ట్యూషనుందా?”

“…ఉంది.”

“లెక్కలేనా?”

“ఆ.”

“నేనూ వస్తాను.”

అవతల సూర్యప్రకాశరావు పెట్టుకున్న టీవీలో ఎవరో వార్తలు చదువుతున్నారు. వాటి మధ్య నుంచి, “అమ్మా… నజ్నీన్ చెప్పేసిందా?” అని సన్నగా వినిపించింది.

“దోనెలో ఎంతమంది పడతారు?”

“ఇద్దరమ్మా. తాత గెడ వేసి తోస్తాడు, నేను కూర్చుంటాను. నువ్వు… నీకు నీళ్ళంటే…”

“తాతని గట్టు మీద కూర్చోమను. గెడ నువ్వే వెయ్యి.” ఆ మాట అంటూనే మాణిక్యం వసారా కమ్మీ పట్టుకుంది. మున్నీ చప్పున పీట జరిపింది. ఆవిడ కూర్చోలేదు.

“అమ్మా, మరి సోమవారం కాలేజీకి…”

“ఒడ్డుకొచ్చాక చెబుతాను” అంది మాణిక్యం. అని, అలవాటు చొప్పున, సంధ్య వేళని కూడా చూసుకోకుండా, “వస్తే” అనేసింది.

అనేసి, రెండు చేతులతో నోరు మూసుకుని ఆకాశం కేసి చూసింది.